స్టేషన్ నుంచి ఫోన్ చేసి పోస్టు తీసేయమంటున్నారు. తీసేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ కాలనీని ఆనుకుని ఉన్న చెరువు శిఖంలో (నీళ్ళు నిలిచే భూమిలో) నెల రోజులుగా రాత్రిపూట టిప్పర్లతో మట్టి పోస్తున్నారు. మీరు డాబా మీది నుంచి ఫొటోలు తీసి, ఒక స్థానిక నాయకుడి పేరు కూడా రాసి ఫేస్‌బుక్‌లో పెట్టారు. మూడో రోజు "స్టేషన్ నుంచి మాట్లాడుతున్నాం, ఆ పోస్టు తీసేసి ఒకసారి వచ్చి కలువు" అని ఫోన్ వచ్చింది. అమ్మ ఏడుస్తున్నారు, నాన్నగారికి బీపీ, మామయ్య "నీకెందుకురా ఊళ్ళో గొడవ" అంటున్నారు. తీసేయాలా, ఉంచాలా, వెళ్ళాలా, మానాలా అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఫోన్‌లో ఎవరో అన్నారని తీసేయకండి. ఫోన్‌లో పిలిచారని ఒంటరిగా వెళ్ళకండి. ఏం కావాలన్నా రాసి ఇవ్వమని మర్యాదగా అడగండి. ఈలోగా మీ పోస్టును పరాయివాడు రాసినట్టుగా మీరే ఒకసారి చదవండి. మీరు కళ్ళతో చూడనిది, కాగితంతో చూపించలేనిది అందులో ఒక్క మాట ఉన్నా ఈరోజే సరిచేయండి. ఈ రెండు పనులూ చేయాలి. మొదటిదాన్ని ధైర్యం అనుకుని చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, రెండోదాన్ని మర్చిపోయి ఇరుక్కుంటారు.

నేను 26 ఏళ్ళుగా హైదరాబాద్ నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తున్నాను. రాసినందుకు, మాట్లాడినందుకు, కార్టూను షేర్ చేసినందుకు భయపడుతూ వచ్చినవాళ్ళను చాలామందిని చూశాను. అందులో కేసు దాకా వెళ్ళినవి కొన్నే. మిగతావాళ్ళంతా కేసు లేకుండానే, కాగితం లేకుండానే, ఒక్క ఫోన్ కాల్‌తోనే నోరు మూసుకున్నవాళ్ళు. వాళ్ళ లెక్క ఏ కోర్టు రికార్డులోనూ ఉండదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ఫోన్ సంగతి. పోలీసులు ఒక మనిషిని పిలిపించుకోవడానికి చట్టంలో దారులున్నాయి, అవన్నీ కాగితం మీదివే. మీ మీద కేసు ఉండి, అరెస్టు అవసరం లేదనుకుంటే భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 35(3) కింద నోటీసు ఇవ్వాలి. పాతవాళ్ళు 41ఏ నోటీసు అనేది ఇదే. సాక్షిగా విచారించాలనుకుంటే 179 కింద రాతపూర్వకంగా పిలవాలి. 35 నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టంగా చెప్పింది. "వచ్చి కలువు" అనే నోటిమాటకు ఏ సెక్షనూ లేదు.

మరి ఫోనే ఎందుకు చేస్తారు? కాగితం రాయాలంటే దాని మీద నేరం పేరు, సెక్షన్ నంబరు, సంతకం, తేదీ ఉండాలి. మీలాంటివాళ్ళ పోస్టులకు ఆ గడి నింపడం కష్టం. ఇంకో మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది ఎదురుగా చూసినవాళ్ళకే తెలుస్తుంది. ఫోన్ చేసిన ఎస్సైకి మీ మీద పగ ఏమీ ఉండకపోవచ్చు. ఆయన మీద పైనుంచి ఒత్తిడి ఉంటుంది. "మాట్లాడాం సార్, తీసేశాడు" అని చెప్పడానికి ఆయనకు ఒక్క మాట కావాలి. మీరు "తప్పకుండా వస్తాను సార్, నోటీసు ఇప్పించండి, మా వకీలుతో కలిసి వస్తాను" అని నెమ్మదిగా అంటే ఆయనకూ పైవాళ్ళకు చెప్పుకోవడానికి ఒక మాట దొరుకుతుంది: "నోటీసు అడుగుతున్నాడు సార్, ఏ సెక్షన్ పెట్టమంటారు?" నేను చూసినవాటిలో చాలా వ్యవహారాలు ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాయి. కాబట్టి గొంతు పెంచకండి, వాదించకండి, "మీకు అధికారం లేదు" అని పాఠం చెప్పకండి. పేరు, హోదా, స్టేషన్ అడిగి రాసుకోండి. ఫోన్ వచ్చిన తేదీ, సమయం, అన్న మాటలు అన్నట్టుగా ఒక నోటుబుక్కులో రాయండి. కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి.

2024 చివర్లో ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. 68 ఏళ్ళు. తమ వీధి నాలా మీద కడుతున్న షెడ్డు గురించి రాస్తే ఆయనకూ ఇలాగే పిలుపు. నేను 179 సెక్షన్ చదివి వినిపించాను: 60 ఏళ్ళు దాటినవాళ్ళను, 15 ఏళ్ళలోపు మగపిల్లలను, ఆడవాళ్ళను, వికలాంగులను, తీవ్రంగా జబ్బుపడ్డవాళ్ళను సాక్షిగా విచారించాలంటే వాళ్ళు ఉన్నచోటికే వెళ్ళాలి, స్టేషన్‌కు రమ్మనకూడదు. మాస్టారు నా ఎదుటే ఫోన్ చేశారు. "నాయనా, నాకు 68. చట్టం ప్రకారం మీరే మా ఇంటికి రావాలి. రండి, టీ తాగి మాట్లాడుకుందాం. వచ్చేటప్పుడు కాగితం తెండి" అన్నారు, క్లాసులో పిల్లవాడితో మాట్లాడినంత మామూలుగా. ఎవరూ రాలేదు. పోస్టు ఇప్పటికీ ఉంది.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను. 2017లో ఒక కుర్రాడు, సెల్‌ఫోన్ రిపేరు షాపు నడుపుకునేవాడు, డ్రైనేజీ పనుల్లో డబ్బు తిన్నారని స్థానిక నాయకుడి మీద పోస్టు పెట్టాడు. స్టేషన్‌కు పిలిచారు. నేను వేరే కోర్టులో వాయిదాలో ఉన్నాను, ఫోన్‌లోనే మాట్లాడాను. "ఒక లెటర్ రాసిచ్చి వెళ్ళమంటున్నారు సార్" అన్నాడు. చిన్న విషయం, కాగితంతో పోతుందిలే అనుకుని "రాసిచ్చెయ్" అన్నాను. స్టేషన్ ఎదురుగా జిరాక్స్ షాపులో తెల్లకాగితం కొని, కానిస్టేబుల్ చెబుతుంటే రాశాడు. సాయంత్రం ఆ కాగితం ఫొటో నాకు పంపాడు. "తెలియక పెట్టిన పోస్టుకు క్షమాపణ కోరుతూ, ఇకపై ఎటువంటి పోస్టులు పెట్టనని హామీ ఇస్తున్నాను." నేను పైపైన చదివి వదిలేశాను. "ఇటువంటి" కాదు, "ఎటువంటి". ఒక్క అక్షరం. చెప్పినవాళ్ళు తెలిసే చెప్పారో లేదో నాకు తెలియదు, రాసినవాడు మాత్రం చేయి వణుకుతూ రాశాడు, అక్షరాలు వంకరపోయి ఉన్నాయి.

ఎనిమిది నెలల తర్వాత వాడు వేరే విషయం మీద, రోడ్డు గుంతల మీద, నాలుగు లైన్లు రాశాడు. ఆ నాయకుడు కోర్టులో పరువునష్టం ప్రైవేటు కంప్లైంటు వేశాడు. దానికి జత చేసిన మొదటి కాగితం ఆ లెటర్ జిరాక్స్. స్టేషన్‌లో ఇచ్చిన కాగితం ఆయన చేతికి ఎలా వచ్చిందని అడిగాను, పోలీసుల ముందు రాసింది ఒప్పుకోలుగా చెల్లదని వాదించాను, చివరికి కేసు కొట్టేశారు. కానీ మూడేళ్ళు. వాయిదా ఉన్న ప్రతి రోజూ షాపు షట్టర్ దించుకుని వచ్చి కూర్చునేవాడు. కేసు పోయాక "ఇప్పుడు రాసుకోవచ్చా సార్" అని కూడా అడగలేదు. వాడి ఫేస్‌బుక్‌లో ఇప్పుడు పండగ శుభాకాంక్షలు తప్ప ఏమీ ఉండవు. ఆ రోజు నేను పావుగంట తీరిక చేసుకుని ఆ కాగితం చదివి ఉంటే ఇదంతా జరిగేది కాదు. అప్పటినుంచి నా దగ్గరికి వచ్చే ప్రతివాళ్ళకూ చెబుతున్నాను: క్షమాపణ పత్రం, హామీ పత్రం, తెల్లకాగితం మీద సంతకం, ఏదీ స్టేషన్‌లో కూర్చుని రాయకండి. "ఆలోచించుకుని మా వకీలు ద్వారా ఇస్తాను" అనండి. మీ మాట మీరే రాసుకుని, ఇంట్లో కూర్చుని, పగటిపూట రాయండి.

ఇప్పుడు మీ పోస్టు నేరం అవుతుందా అనే అసలు ప్రశ్న. రాజ్యాంగం 19(1)(ఏ) భావప్రకటన స్వేచ్ఛ ఇచ్చింది, 19(2) దానికి హద్దులు పెట్టింది. ఆ హద్దులు లెక్కపెట్టగలిగినన్నే: దేశ సార్వభౌమత్వం–సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహసంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి ప్రేరేపించడం. ఆ హద్దులు కూడా "సహేతుకంగా" ఉండాలి. ఈ మాట 1951లో మొదటి సవరణతో వచ్చి చేరింది. ఒకరికి చిరాకు కలిగింది, ఇబ్బంది అయింది, నాయకుడి మనసు నొచ్చుకుంది అనేవి ఆ జాబితాలో లేవు.

2012లో మహారాష్ట్రలో ఒక బంద్ మీద ఇద్దరు అమ్మాయిలు, ఒకరు పోస్టు పెట్టినందుకు, ఇంకొకరు లైక్ కొట్టినందుకు అరెస్టయ్యారు. ఆన్‌లైన్‌లో చిరాకు కలిగించే రాతను కూడా నేరం చేసిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను ప్రశ్నిస్తూ శ్రేయా సింఘాల్ కేసు అప్పుడే వచ్చింది. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌నే కొట్టేసింది. ఆ తీర్పులో మీకు పనికొచ్చే విషయం ఒకటుంది. ఒక విషయాన్ని చర్చించడం వేరు, దాని తరఫున గట్టిగా వాదించడం వేరు, రెచ్చగొట్టడం వేరు. చట్టం చేయి పడేది మూడోదాని మీదే. మొదటి రెండూ ఎదుటివాళ్ళకు ఎంత చేదుగా ఉన్నా స్వేచ్ఛలో భాగమే. అలా కొట్టేసిన సెక్షన్‌తోనే తర్వాత కూడా కేసులు పెడుతూ పోయారు. 2018లో నా క్లయింటు ఎఫ్‌ఐఆర్‌లో 66ఏ చూసి నేనే నివ్వెరపోయాను. ఇక ఎవరినీ ఆ సెక్షన్ కింద విచారించకూడదని సుప్రీంకోర్టు 2022లో మళ్ళీ ఆదేశించాల్సి వచ్చింది. ఒక సెక్షన్ చచ్చిపోయాక కూడా జనాన్ని భయపెట్టడానికి పనికొస్తూనే ఉంటుంది. అందుకే నంబరు అడగమంటున్నాను.

నాయకుడి పరువు పోయిందంటారా? పరువునష్టం భారతీయ న్యాయ సంహితలో (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 356 సెక్షన్. ఇది పోలీసులు నేరుగా పట్టుకునే నేరం కాదు. మేజిస్ట్రేటు ఆదేశం లేకుండా వాళ్ళు దర్యాప్తు కూడా చేయకూడదు. పరువు పోయిందనుకునే మనిషే కోర్టుకు వెళ్ళి కంప్లైంటు వేసుకోవాలి, ఇప్పుడు కొత్త చట్టంలో దాన్ని స్వీకరించే ముందు మీ మాట కూడా వినాలి. ఆ సెక్షన్‌లోనే మినహాయింపులున్నాయి. ప్రజాప్రయోజనం కోసం చెప్పిన నిజం పరువునష్టం కాదు. ప్రభుత్వ పదవిలో ఉన్నవాళ్ళు ఆ పదవిలో చేసే పనుల మీద సద్భావంతో చెప్పిన అభిప్రాయం పరువునష్టం కాదు. చెరువు మీ ఒక్కరి ఆస్తి కాదు కాబట్టి ఇది ప్రజాప్రయోజనమే. కాకపోతే "నిజం" అన్నది నిరూపించాల్సింది మీరే. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టారని 196, పుకార్లు పుట్టించారని 353 పెడతామంటే? ఈ సెక్షన్లకు మూడేళ్ళ దాకా శిక్ష ఉంది. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళలోపు శిక్ష పడే నేరాల్లో ఎఫ్‌ఐఆర్‌కు ముందు డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరిపే వీలు నాగరిక సురక్షా సంహిత 173(3)లో ఉంది. మాటల మీద, రాతల మీద ఫిర్యాదు వచ్చినప్పుడు ఆ వీలును వాడుకోవడమే సరైన పద్ధతి అని 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఒక కవిత మీద గుజరాత్‌లో పెట్టిన కేసు, ఎఫ్‌ఐఆర్‌నే కొట్టేశారు. మాటల ప్రభావాన్ని గట్టి మనసున్న, ధైర్యమున్న మనుషుల కొలతతో చూడాలి, ప్రతి మాటకూ ఉలిక్కిపడేవాళ్ళ కొలతతో కాదు అన్నది ఆ తీర్పు సారం. అదే ఏడాది సెప్టెంబరులో మన తెలంగాణ హైకోర్టు సోషల్ మీడియా పోస్టుల కేసులకు పోలీసులు పాటించాల్సిన మార్గదర్శకాలే ఇచ్చింది: ఫిర్యాదు చేసిన మనిషికి నిజంగా నష్టం జరిగిందా చూడాలి, ప్రాథమిక విచారణ చేయాలి, రాజకీయ విమర్శను నేరంగా చూడకూడదు, యాంత్రికంగా అరెస్టు చేయకూడదు. ఈ తీర్పు కాపీ ఒకటి ప్రింటు తీయించి ఫైల్లో పెట్టుకోండి. మా బల్లల మీద ఇప్పుడు ఎక్కువగా కనిపించే కాగితం ఇదే.

ఇంత చదివి "అయితే ఏమైనా రాయొచ్చు" అనుకుంటే నా మాట సగమే విన్నట్టు. 2019లో ఒకతను వేరే రాష్ట్రంలో జరిగిన కొట్లాట వీడియోకు "పాతబస్తీలో నిన్న రాత్రి" అని పేరు పెట్టి గ్రూపుల్లో వదిలాడు. ఎవరో పంపారు, వీడు ముందుకు తోశాడు. తీసేయనని, నా స్వేచ్ఛ అని నాతో వాదించాడు. నేనే పట్టుబట్టి అదే రోజు తీయించి, "ఇది మన ఊరి వీడియో కాదు, తప్పు పెట్టాను" అని అన్ని గ్రూపుల్లోనూ రాయించాను. కేసు చార్జిషీటు దాకా వెళ్ళింది, బెయిలు వాదనలో ఆ దిద్దుబాటు మెసేజే అతన్ని నిలబెట్టింది. తప్పును దిద్దుకోవడం నోరు మూసుకోవడం కాదు. ఈ రెంటికీ తేడా తెలుసుకోకపోతే దేన్ని కాపాడుకోవాలో తెలియదు.

అందుకే మీ పోస్టు. మీరు పెట్టిన మాటల్లో నాకు మూడు కనబడ్డాయి. "రాత్రి 11 దాటాక టిప్పర్లు వస్తున్నాయి, ఫొటోలు చూడండి." ఇది మీరు చూసింది, బంగారంలా ఉంది, అలాగే ఉంచండి, వీలైతే తేదీలు చేర్చండి. "ఫలానా నాయకుడి అండతోనే ఇదంతా." ఇది మీరు చూసిందా, విన్నదా? విన్నదైతే అది మీ దగ్గర ఉన్న నిజం కాదు. దాన్ని "ఈ విషయం ఫలానా తేదీన ఆయన దృష్టికి తీసుకెళ్ళాం, ఇప్పటిదాకా మట్టి ఆగలేదు, ఆయన సమాధానం చెప్పాలి" అని మార్చండి, నిజంగా తీసుకెళ్ళి ఉంటేనే. మూడోది "కబ్జాకోరు దొంగ" అన్న మాట. దాన్ని తీసేయండి. ఆ ఒక్క మాట వల్ల మీ ఫొటోల గురించి ఎవరూ మాట్లాడరు, ఆ తిట్టు గురించే మాట్లాడతారు. కులం పేరు, మతం పేరు, ఇంటి ఆడవాళ్ళ ప్రస్తావన కింద కామెంట్లలో వచ్చి ఉంటే అవి కూడా తీసేయండి. అవి మీ గోడ మీదే ఉంటాయి, మీ పోస్టుకు బురద అంటిస్తాయి. మార్చే ముందు పాత పోస్టు మొత్తం స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. ఎడిట్ చేసింది దాచాల్సిన పని లేదు, కిందే "ఈ తేదీన ఈ మాట సరిచేశాను" అని రాయండి. ఏ గుర్తూ లేకుండా మొత్తం మాయం చేస్తే రేపు ఆధారాలు చెరిపేశాడని రాసుకోవడానికి ఇంకొకరికి వీలిచ్చినట్టవుతుంది.

ఫొటోలు ఫోన్‌లో తీసినవి తీసినట్టే ఉంచండి. వాట్సాప్‌లో పంపితే వాటిలోని తేదీ, స్థలం వివరాలు పోతాయి. ఒరిజినల్స్ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఒక కాపీ నమ్మకమైనవాళ్ళ దగ్గర పెట్టండి. కోర్టులో పెట్టాల్సి వస్తే సాక్ష్య అధినియమం 63 సెక్షన్ సర్టిఫికెట్ కావాలి, దానికి ఆ ఫోన్ ముఖ్యం. పాడైందని మార్చేయకండి. ఇంకో పక్క తహసీల్దారుకు, చెరువుల ఆక్రమణలను చూసే హైడ్రాకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రశీదు తీసుకోండి. చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్ళు వచ్చే హద్దు) మ్యాపు, సర్వే నంబరు, శిఖం విస్తీర్ణం కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల నోటిఫికేషన్ మ్యాపులు ఆన్‌లైన్‌లోనూ ఉంటాయి, మీ చెరువుది దొరుకుతుందేమో చూడండి. ఆ మ్యాపు మీ ఫొటో పక్కన పెడితే మీరు తిట్టాల్సిన అవసరమే ఉండదు. పైన "నిజం నిరూపించాల్సింది మీరే" అన్నాను కదా, నిరూపణ అంటే ఈ కాగితాలే.

నిజంగా నోటీసు వస్తే? అప్పుడు వెళ్ళాల్సిందే, తప్పించుకోకండి. వకీలును తీసుకెళ్ళండి, అరెస్టు చేసి విచారిస్తే ఆ సమయంలో వకీలును కలిసే హక్కు నాగరిక సురక్షా సంహిత 38 సెక్షన్ ఇస్తోంది. విచారణ జరిగినంతసేపూ పక్కన కూర్చోనివ్వరు, కానీ కలవనివ్వాలి. వెళ్ళిన టైము, వచ్చిన టైము రాసుకోండి. స్టేషన్లలో సీసీ కెమెరాలుండాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది, మీ రాకపోకలు అందులో పడతాయి. ఏడేళ్ళలోపు శిక్ష పడే కేసుల్లో కారణాలు రాయకుండా అరెస్టు చేయకూడదని 2014 అర్నేష్ కుమార్ తీర్పు నుంచీ ఉంది. ఫోన్ ఇమ్మంటే పంచనామా రాయించి, మీ కాపీ అడగండి. జప్తును వీడియో తీయాలని 105 సెక్షన్ చెబుతోంది. వకీలు ఫీజు ఇచ్చుకోలేకపోతే 15100కు ఫోన్ చేయండి, న్యాయసేవల సంస్థ సాయం చేస్తుంది. ముందే కేసు కట్టారేమోనన్న అనుమానం ఉంటే తెలంగాణ పోలీసు వెబ్‌సైటులో ఎఫ్‌ఐఆర్‌లు చూడొచ్చు. సున్నితమైన కేసులు తప్ప మిగతావి 24 గంటల్లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది.

మీ ప్రశ్నలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది పోలీసు ఫోన్ కాదు, మామయ్య మాట. "నీకెందుకురా." నా 26 ఏళ్ళలో నేను చూసిన మౌనాల్లో ఎక్కువ భాగం సర్కారు చేయించినవి కావు. ఇంట్లోవాళ్ళు, కాలనీ సంఘంవాళ్ళు, ఆఫీసులో మేనేజరు చేయించినవి. 1921 నవంబరులో ఇదే ఊళ్ళో, వివేకవర్ధని థియేటర్లో, సంఘసంస్కర్త మహర్షి కార్వే అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగింది. మిగతావాళ్ళు ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడుతుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. ఆలంపల్లి వెంకటరామారావు గారని ఒక వకీలు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలోవాళ్ళు గోల చేసి కూర్చోబెట్టేశారు. పోలీసులు రాలేదు, నిజాం సర్కారు ఉత్తర్వు రాలేదు. పక్కన కూర్చున్న చదువుకున్న పెద్దమనుషులే ఆ పని చేశారు. ఆ రాత్రే అక్కడి తెలుగువాళ్ళు కొందరు కలిసి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. తర్వాత వచ్చిన గ్రంథాలయాలు, నిజాం రాష్ట్రంలో ఆంధ్ర మహాసభలు అన్నీ ఆ రాత్రి నుంచే మొదలయ్యాయి. ఆయన మా వృత్తివాడు కాబట్టి నాకు ఆ కథ దగ్గర. ఒక్కడినే ఉన్నానని మీరు అనుకుంటున్నారు కదా, ఆ రోజు ఆయన కూర్చున్న తర్వాత జరిగింది చూడండి. ఒక్కరి పోస్టును కాలనీ నుంచి 20 సంతకాల అర్జీగా మార్చగలరేమో ఈ ఆదివారం ప్రయత్నించండి. ఒకరికి ఫోన్ చేసి బెదిరించినంత తేలిక కాదు 20 మందికి చేయడం. సంతకం పెట్టనివాళ్ళ మీద కోపం పెట్టుకోకండి. వాళ్ళ భయాలు వాళ్ళవి, కొన్ని నిజమైనవే.

ఉద్యోగం సంగతి మీరు రాయలేదు, అయినా చెబుతున్నాను. 19వ అధికరణను మీరు ముఖ్యంగా ప్రభుత్వం మీద వాడుకోగలరు. ప్రైవేటు కంపెనీ మీ పోస్టు చూసి పొమ్మంటే ఆ వాదన అంత సులభంగా నిలవదు. మీ అపాయింట్‌మెంట్ ఆర్డర్లో సోషల్ మీడియా మీద ఏం రాశారో ఈ రాత్రే తీసి చదవండి. కంపెనీ పేరు మీ ప్రొఫైల్లో కనబడుతుంటే తీసేయండి. ప్రభుత్వ ఉద్యోగి అయితే ప్రవర్తనా నియమావళి వేరే ఉంటుంది, అప్పుడు పేరుతో పోస్టు కన్నా సమాచార హక్కు దారి మంచిది. ఇక్కడ నేను మిమ్మల్ని తెగించమని చెప్పను. జీతం మీద ఇల్లు నడిచేవాళ్ళకు తెగింపు గురించి ఉపన్యాసం ఇచ్చే హక్కు నాకు లేదు.

నాన్నగారికి ఎలా చెప్పాలని చివర్లో అడిగారు. ఆయనకు సెక్షన్లు చెప్పకండి. ముందు రెండు మాటలు చెప్పండి: ఇప్పటిదాకా కాగితం ఏదీ రాలేదు, కేసు లేదు. తర్వాత పోస్టును సరిచేసి, సరిచేసిన పోస్టును ఆయనకే చదివి వినిపించండి. "ఇందులో అబద్ధం ఏదైనా ఉందా నాన్నా" అని అడగండి. ఆ చెరువు నిండుగా ఉన్నప్పుడు చూసిన మనిషి ఆయన. ఏ వైపు దాకా నీళ్ళు వచ్చేవో ఆయనే చెబుతారు. అది కూడా ఆయన మాటల్లోనే రాసి, తేదీ వేసి, అర్జీలో పెట్టండి.